కడుపుతో ఉన్నప్పుడు చుట్ట మానేశాను, పురుడయ్యాకే అసలు కష్టం: నా అనుభవం

మా వాడలో ఆడవాళ్ళు చుట్ట కాలుస్తారని బయటివాళ్ళకి చెబితే నమ్మరు, నమ్మినా ముసలివాళ్ళే అయ్యుంటారులే అనుకుంటారు. నాకు ఇంకా ముప్ఫై నిండలేదు, డిగ్రీ చదివాను, ఎండు చేపల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను, అయినా నా కూతురు కడుపులో పడేదాకా రోజూ చుట్ట కాల్చేదాన్ని, అదీ అడ్డపొగ. ఈమధ్య మా వైపు అమ్మాయిలు, కడుపుతో ఉన్నవాళ్ళు, "అప్పా, నువ్వెలా మానేశావు" అని ఫోన్ చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. పేర్లు మాత్రం రాయను, మా ఊరు చిన్నది.

మాది గంజాం జిల్లా, గోపాల్‌పూర్ నుంచి దక్షిణంగా సోనాపూర్ దాకా సముద్రం ఒడ్డున ఉన్న వాడల్లో ఒకటి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, బడిలో ఒడియా, పెద్ద పనులకి బరంపురం, పెళ్ళిళ్ళ చీరలకి కూడా బరంపురమే. పుట్టిల్లు ఇచ్ఛాపురం వైపు. ఇటు శ్రీకాకుళం నుంచి మా దాకా తీరం పొడవునా పాతకాలం ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేయడం, అంతే. గాలికి ఆరదనీ, చేపల మీద బూడిద పడదనీ, ఒళ్ళో పిల్లకి నిప్పు తగలదనీ, మగవాళ్ళకి కనపడదనీ, ఒక్కో ముసలమ్మ ఒక్కో కారణం చెప్తుంది. నాకు అన్నీ నిజమే అనిపిస్తాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మ "పొయ్యి కాడ ముట్టించి తే" అని చేతికిచ్చేది, ఆరిపోకుండా రెండు దమ్ములు లాగి తేవాలి కదా, అలా తెస్తూ తెస్తూ బడి మానకుండానే అలవాటు పడిపోయాను. నన్నెవరూ తిట్టలేదు. మా అన్న బీడీ కాలిస్తే మాత్రం నాన్న తోలు వలిచాడు.

నెల తప్పాక ఆశా దీదీ వచ్చి పేరు రాసుకుంది, కార్డు ఇచ్చారు, మమతా దివస్‌కి, అంటే మా ఒడిశాలో ఊళ్ళోనే గర్భిణుల్నీ పిల్లల్నీ చూసే రోజుకి, వెళ్ళి బరువు, బీపీ చూపించుకున్నాను. మొదటిసారి వెళ్ళిన చోట ఒకావిడ ఫారం నింపుతూ పొగాకు అలవాటు అన్నచోట నన్ను అడక్కుండానే "లేదు" అని రాసేసింది. నేనూ నోరెత్తలేదు. చదువుకున్న అమ్మాయి, శుభ్రమైన చీర, ఇది చుట్ట కాలుస్తుందని ఎవరనుకుంటారు? ఆవిడ తప్పని కూడా అనలేను, బయట అంత జనం ఉన్నారు. కానీ ఆ ఒక్క గడి వల్ల నాకు రెండు నెలలు పోయాయి, ఆ రెండు నెలలే ముఖ్యమని తర్వాత తెలిసింది. నెల నెలా 9వ తేదీన గర్భిణులకి డాక్టర్ చూసే రోజు ఉంటుంది కదా, 2016 నుంచి దేశమంతా నడుస్తున్నదే, ఆ రోజు వచ్చిన డాక్టరమ్మ రక్తం తక్కువుందేమో అని నాలుక చాపమంది, కనురెప్ప కింద చూసింది, మళ్ళీ నోరు బాగా తెరవమని టార్చి వేసింది. అంగిలి చూసి ఆగిపోయింది. తిడుతుందని నేను గుండె బిగబట్టుకున్నాను. ఆవిడ మామూలుగా, టాబ్లెట్లు ఎన్ని వేసుకుంటున్నావు అన్నట్టే, "రోజుకి ఎన్ని కాలుస్తావ్?" అంది. తాగుతావా అని అడిగుంటే కచ్చితంగా లేదనేదాన్ని. ఎన్ని అని అడిగేసరికి నోట్లోంచి లెక్క వచ్చేసింది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మాటల్లో రాస్తాను. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది, అసలే రక్తం తక్కువున్న మనిషికి ఉన్నది కూడా సరిగ్గా పనిచేయదు. నికోటిన్ రక్తనాళాల్ని ఇరుకు చేస్తుంది, మాయకి రక్తం తగ్గుతుంది, బిడ్డకి అందేది తగ్గుతుంది. అందుకే నెలలు నిండకుండా పుట్టడం, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టడం, మాయ ముందే ఊడిపోవడం, కడుపులోనే పోవడం, పుట్టాక నిద్రలోనే పోవడం, ఇవన్నీ పొగ తాగే తల్లుల్లో ఎక్కువ. మంచి మాట కూడా చెప్పింది: మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోంచి పోతుంది, తొలి నెలల్లో మానేస్తే బిడ్డ బరువు దాదాపు పొగ తాగనివాళ్ళ పిల్లల్లాగే ఉంటుంది, ఆలస్యమైనా మానడం వల్ల లాభమేగానీ నష్టం లేదు. నాకు ఆ రోజు బాగా పట్టింది ఈ చివరి మాటే. భయపెట్టి వదిలేసుంటే ఇంటికొచ్చి టెన్షన్‌తో ఇంకో చుట్ట కాల్చేదాన్ని, అది మాత్రం ఖాయం.

అంగిలి సంగతి వేరే. తెల్లగా మందంగా, మధ్యలో ఎర్ర చుక్కలతో ఉంది. అడ్డపొగ వాళ్ళకి అంగిలి క్యాన్సర్ వస్తుందని ఎప్పుడో తేల్చేశారు, శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్ళు పరీక్షించి రాసిన పరిశోధన 1971లోనే అచ్చయింది, అంటే మా అమ్మ కూడా అప్పటికి పుట్టలేదు. మా దాకా ఎవరూ వచ్చి చెప్పలేదు. సిగరెట్ పెట్టె మీద పుండు బొమ్మయినా ఉంటుంది, మేం సంతలో ఆకు కట్ట కొనుక్కుని ఇంట్లో చుట్టుకునేదాని మీద బొమ్మ ఎవరు వేస్తారు. డాక్టరమ్మ పళ్ళ డాక్టర్ దగ్గరికి రాసిచ్చింది, వెళ్ళాను, ఇప్పటికి ప్రమాదం లేదు, మానేస్తే చాలావరకు తగ్గుతుంది, ఎర్రమచ్చ గానీ మానని పుండు గానీ కనిపిస్తే వెంటనే రా అన్నారు.

మానడానికి మందు ఇవ్వమని అడిగాను. నికోటిన్ చూయింగ్ గమ్ అని ఒకటుంది, మందుల షాపులో కనిపిస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు నీ అంతట నువ్వు కొనుక్కోవద్దు, ముందు మాటతో, పద్ధతితో ప్రయత్నిద్దాం, అవసరమైతే అప్పుడు చూద్దాం అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో గర్భిణుల గురించి ఇచ్చిన సూచనలు కూడా అలాగే ఉన్నాయి, వచ్చిన ప్రతిసారీ అడగాలి, కూర్చోబెట్టి మాట్లాడాలి, మాన్పించడానికి పెద్దవాళ్ళకి వాడే బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు గర్భిణులకి వద్దు అని. ఇంకో సలహా ఇచ్చింది, అదే నాకు బాగా పనికొచ్చింది: రోజులో ఏ ఏ సమయాల్లో కాలుస్తావో కాగితం మీద రాసుకో, ఒక్కో సమయానికి ఒక్కో బదులు వెతుకు. లెక్కలు రాసేదాన్ని కదా, ఈ పని నాకు నచ్చింది.

నా కాగితంలో మొదటిది వేకువన దొడ్డికి వెళ్ళే ముందు చుట్ట. సిగ్గుపడి ఎవరూ రాయరు గానీ మా వైపు సగం మంది మానలేకపోయేది ఇక్కడే. చుట్ట కాలిస్తే తప్ప కడుపు కదలదు. దానికి తోడు ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక మలబద్ధకం ఇంకా పెరిగింది, మూడోరోజుకి కడుపు రాయిలా అయిపోయింది, అత్త "ఒక్కటి కాల్చీసి ఎల్లు, ఏటవదు" అంటుంది. నేను మళ్ళీ ఆశా దీదీకి ఫోన్ చేశాను, ఆవిడ డాక్టర్‌ని అడిగి ఇసబ్‌గోల్ వాడమంది, ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దంది, లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, రాత్రికి ఆకుకూర, మధ్యాహ్నం జామకాయ. వారం పట్టింది కుదురుకోవడానికి. చుట్ట మానమని చెప్పే ప్రతివాళ్ళూ ఈ సంగతి ముందే చెప్పాలి అంటాను నేను. బిడ్డ బరువు గురించి ఎంత చెప్పినా, పొద్దున్నే కడుపు నొప్పితో మెలికలు తిరిగే మనిషికి అవేవీ గుర్తుండవు.

రెండోది అన్నం తిన్నాక, మూడోది ఒడ్డున నెత్తళ్ళు ఆరబెట్టేటప్పుడు, నాలుగోది రాత్రి గిన్నెలు తోమి కూర్చున్నాక. అడ్డపొగ అలవాటైన నోటికి నికోటిన్ ఒక్కటే కాదు, వేడి కూడా కావాలి, ఆ అంగిలి మీద కాక లేకపోతే నోరంతా చచ్చిపోయినట్టు ఉంటుంది. సోంపు నమిలాను, పనిచేయలేదు. చిన్న శొంఠి ముక్క బుగ్గన పెట్టుకుంటే, పైన గోరువెచ్చని నీళ్ళు తాగితే కాస్త నయంగా ఉండేది. లవంగం కూడా. వక్కపొడి మాత్రం వద్దన్నారు, వక్క కూడా కడుపులో బిడ్డకి, నోటికి మంచిది కాదు. గుడాఖు సంగతి చెప్పక్కర్లేదు, మా ఒడిశాలో అది లేని ఇల్లు తక్కువ, చుట్ట మానేసి పళ్ళకి గుడాఖు రాసుకుంటే ఏం పోతుందని ఇద్దరు ముగ్గురు సలహా కూడా ఇచ్చారు. అందులో ఉన్నదీ పొగాకే, బెల్లం కలిపిన ముద్ద, పొగ ఉండదు గానీ నికోటిన్ చిగుళ్ళలోంచి నేరుగా రక్తంలోకి పోతుంది. 2016-17 సర్వేలో ఒడిశాలో పెద్దవాళ్ళు నూటికి 45 మందికి పైగా ఏదో రకంగా పొగాకు వాడుతున్నారని తేలింది, అందులో ఎక్కువ ఇలాంటి పొగ లేని సరుకే. ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోవడం మా దగ్గర చాలా సులువు.

మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లో నాతో ఎవరూ పడలేకపోయారు. పులుసులో ఉప్పు తక్కువైందని అత్తతో గొడవ, తలుపు గట్టిగా వేశాడని మా ఆయనతో గొడవ, ఊరికే ఏడుపు, రాత్రి నిద్ర లేదు, పగలంతా ఆకలి. ఒక్కో తలపు, అంటే కాల్చాలనిపించడం, నాలుగైదు నిమిషాల కంటే ఎక్కువ ఉండదు అని చెప్పారు, అది నిజమే, గడియారం పెట్టుకుని చూశాను. కానీ ఆ నాలుగు నిమిషాలు అయ్యాక మళ్ళీ ఇంకోటి వస్తుంది కదా, అది చెప్పరు. రెండు మూడు వారాలకి వాటి మధ్య ఎడం పెరిగింది. కబుర్లలో పడి ఒక మధ్యాహ్నం గుర్తే రాలేదు, సాయంత్రం తెలిసి నాకే ఆశ్చర్యం.

అత్త గురించి రాయాలి. చెడ్డ మనిషి కాదు, నన్ను కూతుర్లా చూస్తుంది. "నాను అయిదుగుర్ని కన్నాను, అందరూ ఈ పొగలోనే పుట్టేరు, ఏటయిపోనారు?" అనేది. అయిదుగురిలో ఇద్దరు నెలలోపే పోయారని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. అది చుట్ట వల్లేనని నేను అనను, ఆ రోజుల్లో ఆసుపత్రి లేదు, టీకాలు లేవు, దేనికి పోయారో ఎవరికి తెలుసు, కన్నతల్లి మొహం మీద ఆ మాట అనడం పాపం కూడా. ఇంకో నమ్మకం ఉంది, బిడ్డ చిన్నగా ఉంటే పురుడు తేలికని, చుట్ట కాలిస్తే బిడ్డ చిన్నగా ఉంటుందని. చూడండి, పొగకి బిడ్డ చిక్కిపోతుందని వాళ్ళకీ తెలుసు, దాన్ని లాభం లెక్కలో వేసుకున్నారు. నేను అత్తతో వాదించడం మానేసి చెకప్‌కి తీసుకెళ్ళాను. బరువు తక్కువ పిల్ల పాలు గుంజలేదు, ఒంట్లో వేడి నిలవదు, జబ్బులు తొందరగా వస్తాయి అని నర్సు ఒడియాలో చెప్తుంటే విని, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి చుట్ట పట్టుకుని ఇంటి బయట అరుగు చివరికి వెళ్ళేది. మా ఆయన బీడీ కూడా బయటే, లోపలికి వచ్చేముందు చేతులు కడుక్కుని చొక్కా మార్చుకోవాలని నేను పెట్టిన రూలు, మొదట్లో నవ్వాడు గానీ చేశాడు. పక్కవాళ్ళ పొగ కూడా గర్భిణికి చేటే, నేను మానేసి వాళ్ళు నా పక్కన ఊదితే ఏం లాభం.

ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళాను. అక్కడ నాకు అసలు భయం, అమ్మా కాలుస్తుంది, అమ్మమ్మా కాలుస్తుంది, ఆకు కట్ట చూరులోనే ఉంటుంది, చెయ్యి చాపితే అందుతుంది. బయల్దేరకముందే అమ్మకి ఫోన్ చేసి కట్ట తీయించేశాను. అమ్మమ్మకి డెబ్బై దాటాయి, ఆవిడ్ని మానమనే ధైర్యం ఎవరికీ లేదు, పెరట్లో బాదంచెట్టు కిందకి వెళ్ళు అన్నాను. మొదట అలిగింది. తర్వాత తనే వీధిలో ఎవరొచ్చినా "లోపలికి నిప్పుతో రాకండి, గుంట కడుపుతో ఉంది" అని కసురుకునేది. కాపలా కాసే మనిషి దొరికితే ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఆ ఆర్నెల్లూ నిజంగా పెద్ద కష్టం అనిపించలేదు, అందరి కళ్ళూ నా కడుపు మీదే, అందరూ నా తరఫునే.

అమ్మాయి పుట్టింది, 2.7 కిలోలు. అందరూ సంబరపడ్డారు, నేనూ పడ్డాను, ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

మానేసినవాళ్ళలో దాదాపు సగం మంది పురుడయ్యాక ఏడాదిలోపే మళ్ళీ మొదలుపెడతారట, వేరే దేశాల్లో సిగరెట్ తాగే ఆడవాళ్ళ గురించి చెప్పే మాటే అయినా మా వాడకీ సరిపోతుంది, కళ్ళారా చూశాను. ఎందుకో నాకు బాగా తెలుసు. తొమ్మిది నెలలు బిడ్డ కోసం, బిడ్డ కోసం అని మానిపిస్తారు. బిడ్డ బయటికొచ్చింది, ఇంక ఎవరి కోసం? ఎవరూ అడగరు. ఆశా దీదీ బాలింత ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకి వస్తుంది, బిడ్డని తూస్తుంది, జ్వరం చూస్తుంది, బొడ్డు చూస్తుంది, పాలు పడుతున్నాయా అంటుంది. చుట్ట మాట ఎత్తదు, ఆ కాగితంలో ఉండదు కాబట్టి. ఇటు రాత్రంతా నిద్ర లేదు, ఒళ్ళు నొప్పులు, పథ్యం తిండి, కారణం లేకుండా ఏడుపు. చుట్టుపక్కల అమ్మలక్కలు చూడ్డానికి వచ్చి "బాలింతవి, చలి చొరబడిపోద్ది, ఒక్కటి ముట్టించు, ఒళ్ళు వేడెక్కుద్ది, ఇప్పుడు కడుపులో ఏటీ లేదు కదా" అంటారు. ప్రేమతోనే అంటారు, అదే ఇబ్బంది. ఒక పెద్దమ్మ చుట్టి ముట్టించి మరీ చేతికిచ్చింది. పట్టుకున్నాను. వాసనకే నోట్లో నీళ్ళు ఊరాయి. పిల్ల ఏడిచింది, దాన్ని ఎత్తుకోవాలి, చుట్ట తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు పిల్ల ఏడవకపోతే ఏమయ్యేదో చెప్పలేను.

ఆ రాత్రే పొగాకు మానాలనుకునేవాళ్ళకి సాయం చేసే 1800-11-2356 నంబర్ రాసి పెట్టుకున్నాను. మా ఆయన బీడీ కట్ట మీద ఉంటుంది, 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద వేస్తున్నారు, డబ్బులు పడవు. మర్నాడు చేస్తే హిందీలో మొదలైంది, తెలుగు కావాలన్నాను, తర్వాత తెలుగులో మాట్లాడే ఆవిడ తిరిగి ఫోన్ చేసింది. అడ్డపొగ అంటే ఆవిడకి వివరించాల్సి వచ్చింది, కాస్త నవ్వుకున్నాం కూడా. పాల గురించి నాకున్న అనుమానం తీరింది: నికోటిన్ పాలలోకి వస్తుంది, పాలు తగ్గవచ్చు, పిల్ల నిద్ర చెడుతుంది. కానీ కాల్చే తల్లి కూడా పాలు మాన్పకూడదు, ఎలాగూ మానలేకపోతే పాలిచ్చిన తర్వాత, పిల్లకి దూరంగా కాల్చి, చేతులూ నోరూ కడుక్కుని బట్ట మార్చుకోవాలి, కాల్చేవాళ్ళు పసిబిడ్డని పక్కలో వేసుకుని పడుకోకూడదు. ఇవన్నీ నా కోసం కాకపోయినా తర్వాత ఇంకొకరికి పనికొచ్చాయి. ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటి నన్ను పట్టేసింది. "పాపని పక్కన పెట్టండి, మీకోసం ఎందుకు మానాలనుకుంటున్నారు?" వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. కాసేపటికి అంగిలి అన్నాను. కారం తింటే మండకుండా అన్నం తినాలని ఉంది అన్నాను. నిజంగా అదే, పెద్ద కారణం ఏమీ కాదు. తర్వాతి నెలల్లో నన్ను నిలబెట్టింది ఆ కారం ముద్దే, మామిడికాయ కారం కలుపుకుని మంట లేకుండా తిన్న రోజు ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. పళ్ళ డాక్టర్ మళ్ళీ చూసి తెలుపు చాలావరకు పోయిందన్నారు.

ఇంకోటి చేశాను. ఆశా దీదీతో, బిడ్డ బరువు చూడ్డం అయ్యాక నన్ను కూడా ఒక మాట అడుగు దీదీ అని చెప్పాను. ఆవిడకి అలవాటైపోయింది, ఆ రోజులు అయిపోయాక కూడా, టీకాలకి వెళ్ళినప్పుడు, దారిలో కనపడినప్పుడు "బంద్ ఆచ్ఛీ తో?", అంటే మానేసే ఉన్నావు కదా, అని ఒక్క మాట. మళ్ళీ ఒడ్డుకి పనికి వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు, చుట్టూ అందరూ కాలుస్తుంటే, ఆవిడ అడుగుతుంది కదా అన్న ఆలోచన నన్ను చాలాసార్లు ఆపింది. చుట్ట వేళకి లేచి నీళ్ళ కుండ దాకా వెళ్ళి వచ్చేదాన్ని, గాలికి ఎదురుగా కూర్చునేదాన్ని, పొగ వెనక్కి పోతుందని.

మా చిన్న తోటికోడలు నా తర్వాత కొన్ని నెలలకి కన్నది. తనూ కడుపుతో ఉన్నప్పుడు మానేసింది, మూడో నెల పిల్లాడితో మళ్ళీ మొదలుపెట్టింది. ఇంట్లో అందరూ తనని తిట్టారు, మొగుడైతే రోజూ ఒకటే గోల, తను చాటుగా కాల్చడం మొదలుపెట్టింది, చాటుగా కాల్చేవాళ్ళకి ఎవరు సాయం చేయగలరు. ఇప్పుడు తనకి మళ్ళీ అయిదో నెల. ఈసారి నేనే వెంట వెళ్తున్నాను. ఫారం దగ్గర నేనే ముందు చెప్పేశాను, "రాయండి, చుట్ట, గుడాఖు రెండూ" అని. తను నా చెయ్యి గిల్లింది. కాగితం మీద వేళలు రాయించాను, ఇసబ్‌గోల్ ముందే తెప్పించాను, మరిదిని కూర్చోబెట్టి, నువ్వు అరవడం ఆపితే సగం పని అయినట్టే అని చెప్పాను, ఆయనకి నచ్చలేదు. చుట్ట ఆగింది. గుడాఖు ఆగలేదు, పొద్దున్నే ఒకసారి రాస్తూనే ఉంది, రోజుకి నాలుగుసార్ల నుంచి ఒకసారికి వచ్చింది. అదీ ఆపాలి, తనకి తెలుసు, నేను రోజూ అనను, రెండు రోజులకోసారి "ఎన్నిసార్లు?" అని అడుగుతాను, నిజమే చెప్తుంది. పురుడయ్యాక తనని ఎవరెవరు అడగాలో, ఎవరి ఇంటికి కొన్నాళ్ళు వెళ్ళకూడదో ఇద్దరం కూర్చుని ఇప్పుడే రాసుకున్నాం. చుట్ట ముట్టించి చేతికిచ్చిన ఆ పెద్దమ్మ పేరు అందులో మొదటిది, పాపం ఆవిడకి ఏమని చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.